అమ్మవారి కళ్లు

లైఫ్ జాకెట్ బెల్టు బిగించుకోనిదే బోటు కదలదని గైడు మైకులో చెప్పాడు. చెప్పింది అందరికీ అయినా చూసింది నా వైపే. నంద్యాలలో మా కాలనీలో పొద్దున్నే నడకకు వెళ్లే ఆడవాళ్లం కొందరం కూడబలుక్కుని, వ్యాను మాట్లాడుకుని, కొత్తపల్లె దాటి శ్రీశైలం డ్యాం వెనక నీళ్లు చూడడానికి వచ్చాం. అందరిలోకీ పెద్దదాన్ని నేనే. ఆ జాకెట్టు నాకు ఎంతకూ ఇమడలేదు. ఎంతమంది చెమట పీల్చిందో ఏమో, తడిసి ఆరని గోనెసంచి వాసన కొడుతోంది. చివరికి గైడే వచ్చి, "ఊపిరి బిగబట్టు పెద్దమ్మా" అని బెల్టు లాగి కట్టాడు. బర్రెకు పలుపు కట్టినట్టు కట్టావు గదప్పా అని నేనంటే మా వాళ్లంతా నవ్వారు.

గైడుకు నలభై దాటి ఉంటాయి. మైకు నోటి దగ్గర ఉన్నంతసేపు టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. "మీ ఎడమవైపున వీక్షిస్తున్నవి నల్లమల కొండలు" అంటాడు. మైకు దించగానే ఇంజను దగ్గర కూర్చున్నవాడితో, "ఏందప్పా అంత బేగా పోతాండావ్, ఆడ బండలుండాయి సూడు" అంటాడు. నాకు ఆ రెండో మనిషే నచ్చాడు.

నీళ్లు మాత్రం నిజంగా బాగున్నాయి. ఎటు చూసినా కొండలు, కొండల మధ్యలోకి చొచ్చుకుపోయిన నీళ్లు. మా వాళ్లు అప్పటికే పులిహోర పొట్లాలు విప్పారు. బోటు ఎక్కిన కాసేపటికే తినడం మొదలుపెట్టకపోతే ప్రయాణం ప్రయాణంలా ఉండదు మాకు. బాగా లోపలికి వెళ్లాక గైడు ఇంజను ఆపించాడు. ఇది జలాశయం నడిభాగమని, ఫోటోలు తీసుకోవచ్చని చెప్పాడు. ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయేసరికి బోటు అంచుకు నీళ్లు తగిలే శబ్దం వినిపించింది.

నా పక్కన కూర్చున్నావిడ, "ఈ కిందేముంటుందన్నా?" అని గైడును అడిగింది.

"ఏముంటాదమ్మా? నీళ్లు. నీళ్ల కింద బురద" అన్నాడు.

ఈ నీళ్లమీద పడవ ఎక్కడం నాకిది మొదటిసారి కాదు. మొదటిసారి ఎక్కినప్పుడు కూడా మాకొక గైడు ఉండేవాడు. మైకు లేని గైడు. ఆ సంగతి మా వాళ్లకు చెబితే కథ చెప్పమంటారు, చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపి ఫోటో దిగుతారు. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను.

మాది ఆళ్లగడ్డ. కడపకు పోయే రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. ముందు తాటాకు పందిరి, పందిరి కింద పని, వెనక మా కాపురం. నేను పుట్టినప్పటినుంచీ ఉలి మీద సుత్తి పడే చప్పుడు వింటూ పెరిగాను కాబట్టి ఆ చప్పుడు ఆగితేనే నిద్రలోంచి లేచేదాన్ని. ఇంట్లో ప్రతిదానిమీదా రాతి దుమ్ము ఉండేది. అన్నంలో కూడా ఉండేదని మా జేజి, అంటే మా నాయన తల్లి, తిట్టేది. మధ్యాహ్నం పందిట్లో నీళ్లు చల్లితే ఆ దుమ్ము తడిసి ఒక వాసన వచ్చేది. పక్కనే కొలిమిలో ఉలి మొనలు కాల్చి నీళ్లలో ముంచినప్పుడు ఇంకొక వాసన. ఈ రెండూ కలిసిన గాలి ఇప్పుడు ఆళ్లగడ్డలో కూడా లేదు. ఇప్పుడంతా మిషన్ల కోత, మిషన్ల దుమ్ము.

పనికి పెద్ద మా జేజినాయన. మా నాయన ఆయన కింద పనివాడు. తండ్రీకొడుకులిద్దరూ రోజంతా ఎదురెదురుగా కూర్చునేవాళ్లు గాని మాటలు తక్కువ. జేజినాయన ఉలి ముక్కుతో రాతిమీద ఒకచోట తట్టేవాడు. నాయన ఆ చోటు చూసి సరిచేసుకునేవాడు. అంతే మాట్లాడుకోవడం. నాతో మాత్రం ఆయన మాట్లాడేవాడు. కొత్త రాయి దిగితే నన్ను పిలిచి, సుత్తితో తట్టి, "విను, ఇది ఆడరాయా, మగరాయా?" అని అడిగేవాడు. కంచులా మోగితే మగది, తాళంలా సన్నగా మోగితే ఆడది. నేను ఎప్పుడూ ఆడదే అనేదాన్ని. సగం సార్లు ఒప్పయ్యేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. విగ్రహమంతా పూర్తయినా కళ్లు తెరవరు. కనుబొమ్మల కింద నున్నటి ఉబ్బులు మాత్రం ఉంటాయి, నిద్రపోయేవాళ్ల రెప్పల్లాగా. విగ్రహాన్ని గుడి దగ్గరికి చేర్చి, కొన్ని దినాలు నీళ్లలో, కొన్ని దినాలు ధాన్యంలో ఉంచిన తర్వాత, తెర కట్టుకుని, చెక్కిన మనిషే సన్న ఉలితో కళ్లు తెరవాలి. ఆ కళ్ల మొదటి చూపు ఎదురుగా ఏది ఉంటే దానిమీద పడుతుంది. ఆ చూపును మామూలు మనిషి తట్టుకోలేడని అందరికీ భయం. అందుకని ఎదురుగా అద్దం పెడతారు. చెక్కినవాడు కూడా పక్కనుంచే చెక్కుతాడు, ఎదురుగా నిలబడడు.

ఇంత భయభక్తుల పని జరిగే ఇంట్లో నేను చేసిన వెధవపని ఒకటి చెప్పాలి. విరిగిపోయి పక్కన పారేసిన తలలు, బొమ్మలు పందిరి వెనక కుప్పగా ఉండేవి. ఒక ఎండాకాలం సెలవుల్లో నేను మేకు పట్టుకుని వాటన్నిటికీ కళ్లు గీకాను. గీకి, రోడ్డు వైపుకు తిప్పి గోడ పొడవునా పేర్చాను. బస్సుల్లో పోయేవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. నాయన కొట్టడానికి వచ్చాడు. జేజినాయన ఆపి, వాటి ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్నీ తడిమి చూశాడు.

"ఇన్ని కండ్లు తెరిస్తివి గదే పాపా, ఇంగ వీటినంతా ఎవురు సూసుకోవల్ల?" అని అడిగాడు. తిట్టలేదు. నాకు తిట్టు తిన్నదానికంటే ఎక్కువ సిగ్గేసింది.

ఆయన వాటిని తడిమి చూడడానికి కారణం వేరే ఉందని నాకప్పుడు తెలియదు. ఆయన చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. గొట్టంలోంచి చూసినట్టుందని ఆయనే తర్వాత చెప్పాడు. సాయంత్రమైతే అదీ లేదు. నంద్యాలలో కళ్ల డాక్టరు చూసి, కంటి వెనక నరం ఎండిపోతోంది, మందు వేస్తే నిదానిస్తుంది గాని ఆగదని చెప్పాడు. ఇంటికొచ్చి జేజినాయన ఆ మాట మామూలుగా, బియ్యం ధర చెప్పినట్టు చెప్పాడు. జేజి మాత్రం ఆ పూట పొయ్యి ముట్టించలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఊరి పెద్దాయన వచ్చాడు. ఆయన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. డ్యాము కట్టి నీళ్లు నిలపడంతో ఊరు మునిగి, మెరక మీదికి వచ్చి కొత్తగా ఇళ్లు కట్టుకున్నారు. పొడుగ్గా, భుజం మీద ఎర్ర తువ్వాలతో, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడే మనిషి. జేజి పెట్టిన ఉగ్గాని తిని, మిరపకాయ బజ్జీ రెండోసారి అడిగి పెట్టించుకుని, అప్పుడు పని మాట ఎత్తాడు.

"ఊరు లేపుకోని పైకొచ్చినాం ఆచారీ. అమ్మ లేపితే లేచే రాయి గాదు. ఆడనే నీళ్లలో ఉండిపాయ. ఊరికి అమ్మ లేకుంటే యెట్ల? నువ్వే సేసియ్యాల."

నాయన చేస్తాడని అందరం అనుకున్నాం. జేజినాయన తానే చేస్తానన్నాడు. ఇది తన చివరి పని అని కూడా చెప్పాడు. పెద్దాయన వెళ్లాక జేజి అందుకుంది.

"నీ కండ్లు పోయేటట్టుండాయి. ఇంగ దాని కండ్ల బాధ నీకేంది?"

"నావి ఉండంగనే దానివి తెరవాల గదా" అన్నాడు ఆయన.

ఆ విగ్రహం ఆయన ఎక్కువగా వేళ్లతోనే చెక్కాడు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు రాయిని పందిరి బయటికి జరిపించి ముఖం పని చేసేవాడు. మిగతా వేళల్లో చేతులు, చీర మడతలు. నేను ఆయన ఉలుల వరస మార్చి పెడితే, చూడకుండానే తీసి మళ్లీ వరసలో పెట్టేవాడు. పూర్తయిన రోజు ఇంట్లో పాయసం చేశారు. ఆ అమ్మ ముఖం నాకు బాగా గుర్తు. కోపం లేదు, నవ్వు లేదు. పిలిస్తే పలికేలా ఉన్న మనిషి కళ్లు మూసుకుని వింటున్నట్టు ఉండేది.

శ్రావణంలో ప్రతిష్ఠ. లారీలో విగ్రహం, బస్సులో మేము. జేజినాయన చేతికర్ర రెండో కొస పట్టుకుని నడిపించడం నా పని, అందుకే నన్నూ తీసుకెళ్లారు. ఆ కొత్త ఊరు నాకు వింతగా అనిపించింది. ఇళ్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, ఎక్కడా నీడ లేదు. మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ నీళ్ల వైపు తిరిగేవాళ్లు.

అమ్మను నీళ్లలో ఉంచే వేడుక డప్పులతో చేశారు. మోకాటి లోతులో నిలబెట్టి, పక్కన గుంజ పాతి మోకుతో కట్టారు. మూడు దినాలు నీళ్లలో, ఆ తర్వాత ధాన్యంలో, ఆ తర్వాత కళ్లు. మొదటి దినం బాగానే ఉంది. రెండో దినం పొద్దున్నకు నీళ్లు అమ్మ నడుం దాకా వచ్చాయి. మా ఆకాశంలో మబ్బు లేదు. వాన ఎక్కడో పైన కురిసింది. జేజినాయనకు నేను చెప్పాను. ఆయన పెద్దాయనను అడిగాడు.

"నీళ్లు పెరుగుతాండాయంట. బయటికి తీద్దామా అప్పా?"

పెద్దాయన నవ్వాడు. "ఏరన్యాక పెరుగుతాది ఆచారీ. రెండు దినాలు పొంగుతాది, మళ్లా తగ్గుతాది. మా తాతల కాన్నుంచి సూస్తాండాం. నీళ్లలో ఉండాల్సిన అమ్మను నడమ తీస్తే ఊరికి మంచిది గాదు."

ఊరంతా అదే మాట అంది. ఆ ఏటి పక్కన పుట్టి పెరిగినవాళ్లు వాళ్లు. ఎప్పుడు పొంగుతుందో, ఎంతకు తీస్తుందో వాళ్లకు తెలిసినట్టు మాకేం తెలుసు? కాని అది ఏరు కాదు. ఏరు పోయి డ్యాము వెనక నీళ్లయింది. పెరగడమే గాని తగ్గడం దాని చేతిలో లేదు. ఆ సంగతి వాళ్లకు తెలుసు, తెలిసే ఊరు ఖాళీ చేశారు. తెలిసినా, ఒడ్డున నిలబడి నీళ్లను చూసేసరికి పాత ఏరే కనిపించింది. ఆ సాయంత్రానికి నీళ్లు అమ్మ భుజాలకు, పొద్దున్నకు గుంజ పైకి వచ్చాయి. ఈతగాళ్లు మునిగి చూశారు. మోకు తెగి ఉంది. ఒడ్డు మట్టి జారిపోయి ఉంది. అమ్మ లేదు.

నేను ఈ నీళ్లమీద మొదటిసారి తిరిగింది అప్పుడే. వెదురు బుట్టకు తోలు కట్టి తారు పూసిన గుండ్రటి పడవను పుట్టి అంటారు. అందులో పెద్దాయన, పుట్టి నడిపే మనిషి, జేజినాయన, నాయన, నేను. అమ్మ జారిన చోటు వెతుకుదామని బయల్దేరాం. పుట్టి తిరుగుతూ తిరుగుతూ పోతుంది, కొండలు కూడా మన చుట్టూ తిరుగుతాయి. తారు వాసన, చేపల వాసన. పెద్దాయన గడ కర్ర పట్టుకుని నిలబడి, అడగకుండానే చూపించడం మొదలుపెట్టాడు.

"ఈడ మా కళ్లం. అద్దో ఆ కొమ్మ కొస అగపడతాందే, అది బడి కాడి చింతమాను. ఈ కింద మా ఇల్లు. ఇప్పుడు మనం మా దొడ్లో ఉండాం."

నేను వంగి చూశాను. ఎర్రటి నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆయన గొంతులో ఏడుపు లేదు. పశువులను లెక్కపెట్టుకున్నట్టు చెప్పుకుంటూ పోయాడు. ఒక్క వీధి, ఒక్క బావి తప్పిపోలేదు. అమ్మను ఉంచిన చోటికి వచ్చేసరికి మాత్రం ఆయన మాట ఆగింది. "ఈడనే" అన్నాడు. గడ దించాడు. "కాదు, ఆడ" అన్నాడు. మళ్లీ దించాడు. ఊరు ఊరంతా నీళ్ల కింద గుర్తున్న మనిషికి, కొత్త ఒడ్డున మొన్న పెట్టిన విగ్రహం జాడ తెలియలేదు. ఆయన మూడోసారి గడ దించబోతుంటే నేను తల తిప్పుకున్నాను.

జేజినాయన పుట్టి అంచుమీంచి నీళ్లలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు. చెయ్యి తియ్యకుండానే, "ఎప్పుడు తగ్గుతాది?" అని అడిగాడు.

"డ్యామోళ్లను అడగాల" అన్నాడు పెద్దాయన. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

ఎండాకాలం దాకా తగ్గవని తేలింది. అంటే ఏడాదిలో చాలా భాగం. జేజినాయన చూపు అంతదాకా ఉంటుందా లేదా అన్నది ఇంట్లో అందరికీ ఉన్న దిగులే. ఎవరూ పైకి అనలేదు. నాయన ఒకరోజు ఆగలేక, "నీళ్లు తగ్గినాక నేను పోయి తెరుస్తాలే నాయనా" అన్నాడు. "నువ్వు సెక్కినవాటికి నువ్వు తెరుచ్చుకో" అని కొట్టినట్టు జవాబొచ్చింది. నాయన ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

ఆ ఏడాదంతా మా ఇంటిముందు ఆగే ప్రతి బస్సు కండక్టరునూ జేజి అడిగేది, నీళ్లు తగ్గాయా అని. ఎక్కడి నీళ్లో వాళ్లకు మొదట అర్థమయ్యేది కాదు. తర్వాత్తర్వాత వాళ్లే బస్సు దిగకుండానే, "తగ్గలేదవ్వా" అని కేకేసి పోయేవాళ్లు. డాక్టరిచ్చిన చుక్కల మందు నేనే వేసేదాన్ని. చుక్క పడగానే జేజినాయన చిన్నపిల్లాడిలా ముఖం చిట్లించేవాడు. చుక్కకొక బెల్లం ముక్క ఇద్దరికీ అని మేము ఒప్పందం చేసుకున్నాం. జేజికి తెలియకుండా డబ్బా అడుగు దాకా వచ్చేశాం.

మధ్యాహ్నం ఎండలో ఆయన నా పలక తీసుకుని బలపంతో కళ్లు గీసేవాడు. గీసి నాకు చూపించి, "ఇది ఎవుర్ని సూస్తాంది?" అని అడిగేవాడు. గోడను అనేదాన్ని. తుడిచి మళ్లీ గీసేవాడు. జేజిని అనేదాన్ని. మళ్లీ తుడిచేవాడు. నన్నే అన్న రోజు ఆయనకు ఆకలి బాగా వేసేది. చలికాలం వచ్చేసరికి గోడను చూసే కళ్లు ఎక్కువయ్యాయి. నేను అబద్ధం చెప్పబోతే గొంతు పట్టి కనిపెట్టేవాడు. "గమ్మున నిజం సెప్పు" అనేవాడు. నాకు ఏడుపొచ్చేది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున కండక్టరు బస్సు దిగి మరీ వచ్చి చెప్పాడు. "అవ్వా, మీ అమ్మోరు అగపడిందంట. రమ్మన్యారు." జేజి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటగట్టింది. నాయన, జేజినాయన, నేను బయల్దేరాం. అప్పటికి జేజినాయన గొట్టం సన్నబడి సూదిబెజ్జమంత అయింది. ఎండ నడినెత్తిన ఉంటేనే ఏదో కాస్త.

నీళ్లు వెనక్కి పోయిన చోట నేలంతా పగుళ్లు. ఎండిన చేపల కంపు, ఆల్చిప్పలు. పాత ఊరి మొండిగోడలు అక్కడక్కడా తేలి ఉన్నాయి, పెద్దాయన చెప్పిన చోట్లే. ఊరివాళ్లు మాకోసం ఆగలేదు. సంతోషం పట్టలేక, ముందు రోజే అమ్మను బురదలోంచి మోకులతో లాగి నిలబెట్టి, కడిగి, ముఖానికి దిట్టంగా పసుపు పూశారు. డప్పులు కొడుతున్నారు. పెద్దాయన ఎదురొచ్చి జేజినాయన చేతులు పట్టుకున్నాడు.

జేజినాయన అమ్మ ముఖం తడిమాడు. నుదురు, కనుబొమ్మలు, చెంపలు. ముక్కు దగ్గర వేళ్లు ఆగాయి. పసుపు తుడిచాడు. నన్ను దగ్గరికి లాక్కుని, "ఏముంది సెప్పు" అన్నాడు.

"ముక్కు కొన లేదు జేజినాయనా."

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మోకులతో లాగినప్పుడు విరిగిందో, జారినప్పుడు బండకు తగిలిందో, పసుపు పూసిన చేతులకు కూడా తెలియలేదు. దెబ్బతిన్న విగ్రహం పూజకు పనికిరాదు. నీళ్లలో వదలాలి. అది అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు. పెద్దాయన ఆ పగుళ్ల నేలమీదే కూలబడ్డాడు. నాయన ఆయన పక్కన కూర్చుని, ఇంకొక అమ్మను చెక్కి ఇస్తానని మాటిచ్చాడు. అందరూ కాస్త తేరుకుని, దీన్ని పాత ఏటి మడుగులో, డ్యాము ఎంత ఎండినా తేలనిచోట వదలాలని మాట్లాడుకోసాగారు.

జేజినాయన నాయనను పిలిచి, "సన్న ఉలి ఇయ్యి" అన్నాడు.

పెద్దాయనకు అర్థం కాలేదు. "పూజ లేనిదానికి కండ్లెందుకు ఆచారీ?"

"పూజ మీది. పని నాది. ముఖం సెక్కినాక కండ్లుండాల. సగం పని నేను యాడా ఇడ్సలేదు." అమ్మ రెప్పలు తడుముతూ, "అన్ని దినాలు నీళ్లలో ఉండబోయేది, గుడ్డిగా యెట్లుంటాది?" అన్నాడు. నాయన సన్న ఉలి తీసి ఇచ్చాడు.

ఆయన సుత్తి ఎత్తగానే ఊరివాళ్లంతా అమ్మ వెనక్కి సర్దుకున్నారు. అప్పుడు గాని ఎవరికీ గుర్తు రాలేదు, అద్దం లేదు. ఊళ్లోకి పోయి తేవాలంటే ఎండ వాలుతుంది. ఎండ వాలితే ఆయనకు కనిపించదు. అమ్మకు ఎదురుగా ఉన్నది నీళ్లు, నీళ్ల అవతల కొండ.

"ఉత్త నీళ్లను సూసి పోగూడదు తల్లి" అన్నాడు జేజినాయన. "అద్దం లేకుంటే కన్నెపిల్లను సూడొచ్చు. అట్లా ఉండాది పద్ధతి." నన్ను పేరు పెట్టి పిలవలేదు, నా వైపు తిరగలేదు.

నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. "పాప వద్దు నాయనా" అన్నాడు. నాకు భయమేసింది. మేకుతో గీకిన బొమ్మలు కావివి, నిజమైన కళ్లు. కాని ఏడాదిపాటు పలక మీద ఆ కళ్లు ఎవర్ని చూస్తున్నాయో చెప్పినదాన్ని నేనే. ఇప్పుడు వెనక్కిపోయి దాక్కుంటే చెప్పేదెవరు? "నేను పోతా" అన్నాను. నాయన కాసేపు అలాగే పట్టుకుని, వదిలేశాడు.

వెళ్లి నిలబడ్డాను. కాళ్ల కింద నేల కాలుతోంది. జేజినాయన పక్కకు ఒరిగి, ముఖాన్ని రాయికి ఆనించినంత దగ్గర పెట్టి, ఎడమచేతి వేలితో కొలుచుకుంటూ చెక్కాడు. సుత్తి చప్పుడు అంత మెల్లగా నేనెప్పుడూ వినలేదు. మధ్యలో ఆగి కళ్లు తుడుచుకునేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు. ముందు పై రెప్ప, కింది రెప్ప, ఆ తర్వాత నడుమ గుండ్రం. ఒక కన్ను అయింది. రెండోది కూడా అయ్యాక ఆయన నోటితో దుమ్ము ఊది, తల తిప్పకుండా అడిగాడు.

"ఎవుర్ని సూస్తాంది?"

నేను చూశాను. ముక్కు కొన లేదన్నది కూడా మరిచిపోయాను.

"నన్నే సూస్తాంది జేజినాయనా."

"నిజం సెప్పు."

"నిజం. నన్నే."

ఆయన సుత్తి కింద పెట్టి, అక్కడే రాతికి ఆనుకుని కూర్చున్నాడు. నాయన వచ్చి నా ముందు నిలబడి, అమ్మకు నేను కనబడకుండా చేసి, నన్ను ఎత్తుకున్నాడు. ఎత్తుకునే వయసు దాటిపోయింది నాకు. అయినా ఎత్తుకున్నాడు.

పెద్ద పుట్టిలో అమ్మను పడుకోబెట్టి మడుగుకు తీసుకుపోయారు. ఒడ్డునుంచి జేజినాయన, "ముఖం పైకి పెట్టి ఇడ్సండప్పా" అని అరిచాడు. అలాగే వదిలారు. తిరిగొచ్చి పెద్దాయన మాకు మజ్జిగ పోయించాడు. జొన్నరొట్టెలు అందరం పంచుకుని తిన్నాం. ఆ రోజు ఎవరూ ఏడ్వలేదని నాకు గుర్తు.

మళ్లీ శ్రావణం వచ్చేసరికి జేజినాయనకు పగలూ రాత్రీ ఒకటైపోయింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పందిట్లో కూర్చుని ఉలులు నూరి ఇచ్చేవాడు, కొత్త రాళ్లను మోగించి ఆడో మగో చెప్పేవాడు. చూపు పోయిందని బాధపడ్డట్టు నేను చూడలేదు. లోపల ఏముందో నాకు తెలియదు. నాయన చెక్కిన అమ్మ ఆ ఊళ్లో ఇప్పటికీ ఉంది. అద్దం పెట్టి, తెర కట్టి, అన్నీ పద్ధతిగా తెరిచిన కళ్లు. ఏటా తిరునాళ్ల జరుగుతుంది. వేలమంది వస్తారు, ఆ అమ్మ వేలమందిని చూస్తుంది. జేజినాయన, జేజి, పెద్దాయన, నాయన, అందరూ పోయారు. పందిరి పోయింది.

బోటులో మా వాళ్లు ఫోటోలు అయిపోయి, గైడు చేత అందరినీ కలిపి ఇంకొకటి తీయిస్తున్నారు. నన్ను పిలిచారు, నేను పోలేదు. అంచు దగ్గరికి జరిగి నీళ్లమీదికి వంగాను. పాత మడుగు ఇక్కడే ఉందో, ఇంకెక్కడ ఉందో నాకు తెలియదు. అది చూపించగల మనిషి ఇప్పుడు లేడు. గైడు ఫోను వాళ్లకు ఇచ్చేసి నా దగ్గరికి వచ్చాడు.

"ఏం సూస్తాండావ్ పెద్దమ్మా? ఆడేం అగపడదు."

"ఏం లేదులేప్పా" అన్నాను.

నేనేమీ చూడ్డం లేదు. ఆ అమ్మ ఈ లోకంలో చూసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇన్నేళ్లకు ఈ ముడతల ముఖాన్ని గుర్తుపడుతుందో లేదో అని, ఇంజను మొదలయ్యేదాకా అలాగే వంగి కూర్చున్నాను.